డాలస్ నల్లరేగడిలో నా మొదటి బేరం

జులై 14, సోమవారం ఉదయం పది నలభైకి నా ఖాతాలో 7,500 డాలర్లు పడ్డాయి. అందులో 500 నా డబ్బే, ముందు నేను కట్టిన బయానా తిరిగొచ్చింది. తక్కిన 7,000 ఇళ్ళ బేరాల్లో నా మొదటి సంపాదన. జనవరిలో మొదలుపెట్టిన పనికి జులైలో కూలి వచ్చింది. ఈ ఆరున్నర నెలల్లో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ తల దించుకున్నానో రాస్తున్నాను. ఈ పని గురించి నేను చూసిన వీడియోలన్నీ ఆ ఏడు వేల దగ్గర మొదలై అక్కడే ముగిసేవి.

నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టు 2024 అక్టోబర్ చివర్లో ఆగిపోయింది. రెండు వారాల తర్వాత, నవంబర్ 16 శనివారం, విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్లో ‘ఇళ్ళ హోల్‌సేలింగ్’ గురించి ఉచిత శిక్షణ అంటే వెళ్ళాను. ఉదయమంతా చప్పట్లు కొట్టించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు దగ్గర బల్లలు వేసి, అసలు శిక్షణకు 12,000 డాలర్లు అన్నారు. నా పక్కన కూర్చున్న ఆవిడ అక్కడికక్కడే మూడు క్రెడిట్ కార్డుల మీద విడదీసి కట్టింది. నేను బాత్‌రూముకు వెళ్తున్నట్టు లేచి కారెక్కాను. కారు నిలిపినందుకు 18 డాలర్లు.

ఇంటికొచ్చి, అర్థమైనంత వరకు నాన్నకు ఫోన్లో చెప్పాను. పాడుబడిన ఇంటి యజమానిని పట్టుకుని, తక్కువ ధరకు ఒప్పందం రాయించుకుని, గడువు లోపల ఆ ఒప్పందాన్ని మరమ్మతులు చేసి అమ్ముకునే ఇంకొకరికి బదిలీ చేయాలి. ఇల్లు మన పేరు మీదకు రాదు, మధ్యలో తేడా మనది. నాన్నది తెనాలి దగ్గర పల్లె. అంతా విని, “బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుని, రిజిస్ట్రేషన్ లోపల చేతులు మార్చడమేగా! దానికి అమెరికా దాకా వెళ్ళాలా?” అన్నారు. రాజధాని ప్రకటించిన రోజుల్లో మా ఊరి చుట్టుపక్కల ఒకే పొలం మీద మూడు అగ్రిమెంట్లు నడవడం ఆయన కళ్ళారా చూశారు. ఆ హోటల్లో పన్నెండు వేలకు చెప్పబోయింది నాన్న ఒక్క వాక్యంలో చెప్పేశారు.

ఇంకో మాట ముందే చెప్పాలి. మాకు 2023లో గ్రీన్ కార్డు వచ్చింది. అందుకే ఈ పనికి దిగగలిగాను. హెచ్‌1బీ మీద ఉన్న స్నేహితులు ఇద్దరు “మేమూ సాయంత్రాలు చేయవచ్చా” అని అడిగారు. ఇది ఇల్లు కొని అద్దెకిచ్చి కూర్చోవడం లాంటిది కాదు, ఒళ్ళు వంచి చేసే వ్యాపారం. ఆ వీసా అనుమతి మీ కంపెనీలో ఉద్యోగానికే. ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

జనవరి మొదటి వారంలో ఎల్‌ఎల్‌సీ, అంటే ఒక చిన్న కంపెనీ, పెట్టాను. టెక్సస్ రాష్ట్రానికి కట్టాల్సింది 300 డాలర్లు. కాగితాలు వారం లోపే వచ్చాయి. మావారు అప్పుడే “పేరు పెట్టేశావు, ఇక పిల్లను కనాలి” అని నవ్వారు.

ఆ పిల్ల కోసం రోడ్లు పట్టుకుని తిరగడమే మొదటి పని. పాపను బడిలో దింపి, తొమ్మిదిన్నర నుంచి రెండింటి దాకా కారులో మెల్లగా వీధులు చుట్టేదాన్ని. ఓక్ క్లిఫ్, ప్లెజెంట్ గ్రోవ్, గార్లండ్, మెస్కీట్. మోకాళ్ళెత్తు గడ్డి, పైకప్పు మీద నీలం పరదా, పొంగిపొర్లుతున్న ఉత్తరాల డబ్బా, తలుపుకు అంటించిన నగరపాలక నోటీసు, ఇవీ గుర్తులు. రెండు చోట్ల జనం బయటికొచ్చి ఎవరు నువ్వు అని నిలదీశారు. ఒక చోట కుక్క బయటికొచ్చింది. ఫిబ్రవరి మొదటి వారానికి నోటుపుస్తకంలో 312 చిరునామాలు ఎక్కాయి.

యజమాని ఎవరో తెలుసుకోవడం మాత్రం ఇక్కడ చాలా సులువు. కౌంటీ (మన జిల్లా లాంటిది) విలువ మదింపు శాఖ వెబ్‌సైటులో చిరునామా కొడితే పేరు, ఉత్తరాలు అందుకునే చిరునామా, ఇల్లు కట్టిన ఏడాది ఉచితంగా వస్తాయి. ఇంటి చిరునామా ఒకటి, ఉత్తరాల చిరునామా ఇంకో ఊరు అయితే దానికి నక్షత్రం పెట్టుకున్నాను. కంపెనీలవీ బ్యాంకులవీ తీసేస్తే 280 మిగిలాయి.

ఆ 280కి చేత్తో ఉత్తరాలు రాశాను. అచ్చు ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుందని అందరూ చెప్పారు. మూడో రోజుకు బొటనవేలు వాచింది. పాప తొమ్మిదేళ్ళది, స్టాంపులు అంటించే కాంట్రాక్టు తీసుకుంది. స్టాంపు అప్పట్లో 73 సెంట్లు, మొత్తం 204 డాలర్ల 40 సెంట్లు. ఫిబ్రవరి 10న పోస్టు చేశాం. 41 కవర్లు తిరిగొచ్చాయి. ఫోన్లు తొమ్మిది వచ్చాయి. ముగ్గురు మా పేరు తీసేయమన్నారు. ఒకాయన పది నిమిషాలు తిట్టారు, ఆ వారంలో నాది ఆయనకు నాలుగో ఉత్తరమట. ఇద్దరికి తమ పాత ఇంటికి కొత్త ఇంటి ధర కావాలి. ఒకరు అప్పటికే అమ్మేశారు. ఒక పెద్దాయన గ్రాండ్ ప్రెయిరీలో విమానాల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల గురించి నలభై నిమిషాలు చెప్పి, ఇల్లు అమ్మే ఉద్దేశం లేదని, ఉత్తరంలో దస్తూరి బాగుందని చెప్పి పెట్టేశారు. మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరితోనే నా మొదటి తప్పు జరిగింది.

మెస్కీట్‌లో 1964లో కట్టిన ఇల్లు. భార్య పోయింది, కూతురు ఉండే టైలర్ ఊరికి వెళ్ళిపోవాలి, అదీ ఆయన అవసరం. మార్చి 6న వెళ్ళి చూశాను. ఈ పనిలో అందరూ వేసే లెక్క ఒకటుంది. మరమ్మతులు పూర్తయ్యాక ఇల్లు ఎంతకు అమ్ముడవుతుందో దానిలో 70 శాతం తీసుకుని, అందులోంచి మరమ్మతుల ఖర్చు, మన వాటా తీసేస్తే మిగిలేది యజమానికి చెప్పాల్సిన ధర. ఇళ్ళ వెబ్‌సైటు ఒకటి ఆ ఇంటికి 2,30,000 అని చూపించింది. 70 శాతం 1,61,000. మరమ్మతులకు 25,000 అని నాకు నేనే అనుకున్నాను. ఆయన 1,35,000 దగ్గర ఆగారు. నాకు ఒక వెయ్యి మిగిలినా మొదటి బేరం కదా అనుకుని మార్చి 11న సంతకం పెట్టాను. పది రోజుల ఆప్షన్ గడువు, దానికి 100 డాలర్లు. టెక్సస్ ఒప్పందాల్లో ఇదొక వెసులుబాటు. ఆ రుసుము కడితే గడువు లోపల కారణం చెప్పకుండానే కొనేవారు తప్పుకోవచ్చు.

ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న ఒకటి: “ఇల్లు మీరే కొంటున్నారా?” నేను “మేమూ మా పెట్టుబడిదారులూ” అన్నాను. నాకు పెట్టుబడిదారులు లేరు. వీడియోల్లో అలాగే చెప్పమన్నారు, అలాగే చెప్పాను.

తర్వాత తొమ్మిది రోజులు నరకం. కొనేవాళ్ళను వెతికి ఏడుగురికి ఫోన్ చేశాను, ముగ్గురు వచ్చారు. మూడో ఆయన హాలు మధ్యలో నిలబడి, జేబులోంచి పిల్లలు ఆడుకునే రబ్బరు బంతి తీసి నేల మీద పెట్టారు. బంతి క్షణం ఆగింది. తర్వాత ఎవరో పిలిచినట్టు కదిలి, భోజనాల గది దాటి, ఉత్తరం గోడకు వెళ్ళి తగిలింది. ఆయన వంగి దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నారు. అప్పుడు చూపించారు, కిటికీ పై మూల నుంచి ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా పైకెక్కిన పగులు. నేను నాలుగుసార్లు ఆ కిటికీ పక్కనే నిలబడి ఫోటోలు తీశాను.

పునాది కంపెనీ మనిషిని పిలిపిస్తే 26 చోట్ల స్తంభాలు దించాలి, 14,800 డాలర్లు అన్నాడు. ఇల్లు పైకి లేపాక అడుగున పాత ఇనుప మురుగు గొట్టాలు పగిలితే అది వేరే లెక్క. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. బంతి ఆయన తనకు తెలిసిన ఏజెంటు చేత అసలు అమ్మకాలు తీయించి చూపించారు. ఆ వీధిలో బాగుచేసిన ఇళ్ళు 2,05,000కు మించి పోలేదు. టెక్సస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పాల్సిన పని లేదు, అందుకే కౌంటీ రికార్డులో ధర ఉండదు. అది ఏజెంట్ల డేటాబేసులో మాత్రమే ఉంటుంది. వెబ్‌సైటు చూపించింది ఊహ, నేను ఆ ఊహ మీద సంతకం పెట్టాను.

మార్చి 20న, గడువుకు ఒక రోజు ముందు, రద్దు కాగితం పంపి ఆయనకు ఫోన్ చేశాను. ఆయన సామాను లారీకి అప్పటికే అడ్వాన్సు కట్టారట. “మీరు కొంటామన్నారు కదా” అన్నారు. అరవలేదు, తిట్టలేదు. నేనేదో చెబుతుండగానే పెట్టేశారు. నాకు పోయింది 100 డాలర్లు. ఆయనకు ఏం పోయిందో అడిగే ముఖం లేకపోయింది.

ఆ రాత్రి నాన్నకు చెబితే ఆయన దృష్టి ఇంకోచోట ఆగింది. “అక్కడి నేల ఏమిటి?” అని అడిగారు. వెతికాను. డాలస్ చుట్టూ ఉన్నది అచ్చంగా మన నల్లరేగడి లాంటి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. “నల్లరేగడిలో పునాది లోతుకు దించకుండా బల్లపరుపుగా సిమెంటు పోసి ఇల్లు కట్టారా?” అని ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయారు. ఇక్కడి వాళ్ళు వేసవిలో ఇంటి చుట్టూ పునాదికి నీళ్ళు పెడతారని చెబితే నమ్మలేదు, “తోటకా, ఇంటికా?” అన్నారు. మరునాటి నుంచి పాప గోళీ ఒకటి నా సంచిలో ఉంటోంది.

తర్వాత మూడు పనులు చేశాను. మొదటిది, ఫ్రిస్కో గుడిలో పరిచయమైన ఏజెంటు అన్నయ్య దగ్గరికి వెళ్ళి, నాకు బేరం కుదిరినప్పుడల్లా ఆరు నెలల లోపల, అర మైలు లోపల అమ్ముడైన ఇళ్ళ ధరలు తీసివ్వమని అడిగాను. ఆయన డబ్బు తీసుకోలేదు కానీ, “ముందే వచ్చి ఉంటే ఆ పెద్దాయనకు లారీ ఖర్చు తప్పేది కదమ్మా” అన్నారు. రెండోది, లాయరుకు 450 డాలర్లు కట్టి ఒప్పందం చదివించాను. ఇది ముందే చేయాల్సింది, వంద సార్లు చెప్తాను. లైసెన్సు లేకుండా ఇంకొకరి ఇంటిని అమ్మకానికి ప్రచారం చేయకూడదని, నేను అమ్మేది ఇల్లు కాదు, ఒప్పందంలో నా హక్కు మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా తెలియజేయాలని 2017 నుంచి టెక్సస్ చట్టంలో ఉందని ఆయన వివరించారు. యజమానికి కూడా అదే చెప్పే ఒక పేజీ కాగితం రాసిచ్చారు. “ఇది చూపిస్తే సగం మంది వెనక్కి పోతారు కదా?” అన్నాను. “పోవాల్సిన వాళ్ళు ఇప్పుడే పోవడం మీకు మంచిది” అన్నారు.

మూడోది, నోటుపుస్తకంలోని పేర్లూ పన్ను బకాయిల జాబితాలోని పేర్లూ కలిపి 600 మందికి ఫోన్ నంబర్లు కొన్నాను, పేరుకు 12 సెంట్లు. అమ్మకాల కాల్స్ వద్దని జాతీయ జాబితాలో రాయించుకున్న వారిని తీసేసి తక్కినవారికి చేశాను. నా వరకు ఫోన్లు పూర్తిగా దండగ. ఎత్తినవారిలో సగం మంది నంబరు తప్పు అన్నారు. ఏప్రిల్ మొదట్లో మళ్ళీ 200 ఉత్తరాలు రాశాను.

ఏప్రిల్ 17న ఒకావిడ ఫోన్ చేశారు. ప్లెజెంట్ గ్రోవ్‌లో తల్లిదండ్రుల ఇల్లు. తల్లి 2016లో, తండ్రి 2021లో పోయారు, వీలునామా లేదు. ఈవిడ పెద్దది, ఇద్దరు తమ్ముళ్ళు, ఒకరు అరిజోనాలో. ఇల్లు ఏడాదిన్నరగా ఖాళీ. బయట ఉన్న ఏసీ యంత్రాన్ని రాగి కోసం దొంగలు విప్పుకుపోయారు. ఆస్తి పన్ను మూడేళ్ళ బాకీ.

22న వెళ్ళాను. ఆవిడ తాళం తీసి వాకిట్లోనే నిలబడ్డారు, లోపలికి రాలేదు. వంటింట్లో గోళీ పెట్టాను. మెల్లగా, చాలా మెల్లగా స్టవ్ వైపు జరిగి ఆగింది. పడక గది తలుపు చౌకట్లో కూర్చోవడం లేదు. పునాదికి 12,000 రాసుకున్నాను. మొత్తం మరమ్మతులు 55,000. అన్నయ్య పంపిన ధరలను బట్టి బాగుచేస్తే 2,45,000 పలుకుతుంది. డెబ్బై శాతం 1,71,500, మరమ్మతులు పోగా 1,16,500.

బయటికొచ్చాక ఆవిడా అదే అడిగారు, ఇల్లు మీరే కొంటారా అని. లాయరు కాగితం తీసి చేతికిచ్చాను. “నేను కొనను. కొనేవాళ్ళను తెస్తాను. మధ్యలో నాకు ఆరేడు వేలు మిగలాలి. బాగుచేసి ఏజెంటు ద్వారా పెడితే మీకు ఇంతకంటే ఎక్కువ రావచ్చు” అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, “బాగుచేయడానికి మా దగ్గర డబ్బుంటే నీకు ఫోన్ చేసేదాన్నా?” అన్నారు. తర్వాత నవ్వారు. ఏప్రిల్ 29న 1,09,000కు సంతకాలయ్యాయి. ఆప్షన్ రెండు వారాలు, బయానా 500, రిజిస్ట్రేషన్ జూన్ 13న.

ఇక్కడ రిజిస్ట్రేషన్ జరిగేది టైటిల్ కంపెనీలో. మన ఈసీ తీయించడం, లాయరు చేత దస్తావేజులు చూపించడం, డబ్బు మధ్యవర్తి దగ్గర పెట్టడం, ఈ మూడూ వాళ్ళే చేస్తారు. ఒప్పందం బదిలీ బేరాలు వాళ్ళందరూ తీసుకోరు. నాలుగు చోట్ల అడిగితే రెండు చోట్ల కుదరదన్నారు, ఒక చోట ఫోనే ఎత్తలేదు. ఇది సంతకానికి ముందే చూసుకోవాలి.

మొదటి కొనుగోలుదారు మే 5న చూసి 1,18,500 అన్నాడు. నాకు తొమ్మిదిన్నర వేలు! ఆ సాయంత్రం బిర్యానీ తెప్పించుకుని తిన్నాం. డిపాజిట్ రేపు అన్నాడు, ఎల్లుండి అన్నాడు, 9వ తేదీ నుంచి ఫోన్ ఎత్తలేదు. ఆప్షన్ 13తో ముగుస్తుంది. రద్దు చేయాలా, ఉండాలా? 12వ తేదీ రాత్రి మెస్కీట్ పెద్దాయన గొంతు చెవిలో మోగుతూ ఉంది. పొద్దున్నే ఆవిడకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పది రోజులు పొడిగించారు. డబ్బు అడగలేదు.

రెండో ఆయన మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన కాంట్రాక్టరు. టార్చి పట్టుకుని నలభై నిమిషాలు మాట లేకుండా అటకెక్కి, సింకుల కింద దూరి, ప్రతి కుళాయి తిప్పి, చివరికి దులుపుకుంటూ “1,16,000” అన్నారు. నేను 1,17,500 అన్నాను. ఆయన టార్చి ఆర్పేశారు. సరే, 1,16,000. మే 20న తిరిగివ్వనక్కర్లేని డిపాజిట్ 5,000 టైటిల్ కంపెనీలో కట్టారు. ఇల్లు చూడటానికి వచ్చే పది మందికంటే డిపాజిట్ కట్టిన ఒక్కరు మేలని మొదటివాడు నేర్పి వెళ్ళాడు.

అయిపోయిందనుకున్నాను. అసలు ఆలస్యం అక్కడే మొదలైంది.

ఇల్లు ఇంకా తల్లిదండ్రుల పేరు మీదే ఉంది. కోర్టుకు వెళ్ళకుండా వారసుల ప్రమాణపత్రంతో పని జరుపుతామన్నారు. దానికి ఆ కుటుంబాన్ని బాగా ఎరిగిన, ఆస్తిలో వాటా లేని ఇద్దరు సాక్షులు కావాలి. ప్రమాణపత్రం తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి. ఎవరు ఎవరిని పెళ్ళాడారు, ఎంతమంది పిల్లలు, ఇంకెవరైనా సంతానం ఉన్నారా, అన్నీ రాయాలి. ఒక సాక్షి చర్చిలో దొరికారు. రెండో సాక్షి ఎదురింటి ఎనభై నాలుగేళ్ళ ఆవిడ. నోటరీ వస్తున్నాడంటే ఆదివారం టోపీ పెట్టుకుని, చేతి తొడుగులు వేసుకుని వరండాలో కూర్చున్నారు. కాగితంలో పెళ్ళి తేదీ తప్పు పడిందని పట్టుకున్నది కూడా ఆవిడే. మళ్ళీ రాయించి, మళ్ళీ నోటరీ. వారం పోయింది. అరిజోనా తమ్ముడికి సంతకం కోసం ఇంటికి వెళ్ళే నోటరీని నేనే మాట్లాడాను, 150 డాలర్లు.

ఇంతలో ఇంకోటి బయటపడింది. 1988లో తీసుకున్న ఇంటి అప్పు 2003లో తీరిపోయింది, తీరినట్టు కౌంటీలో నమోదు కాలేదు. అప్పిచ్చిన బ్యాంకు ఈలోగా రెండుసార్లు వేరే బ్యాంకుల్లో కలిసిపోయింది. విడుదల పత్రం కోసం మే 22న రాస్తే జూన్ 24న వచ్చింది. జూన్ 13 పోయింది, జూన్ 30కి మార్చాం, అదీ పోయింది. కాంట్రాక్టరు రోజూ ఉదయం ఏడింటికి ఫోన్ చేసి ఒకటే మాట అడిగేవారు: “ఈ రోజేనా?” దోసె పెనం మీద ఉండగా ఆ ఫోన్ మోగేది.

జూన్ దాటడంతో ఒక చేదు సంగతి తెలిసింది. అంతకు ముందు ఏడాది ఆస్తి పన్ను జులై 1 నాటికి కట్టకపోతే వసూలు ఖర్చుల కింద ఇరవై శాతం దాకా అదనపు జరిమానా పడుతుంది. ఎనిమిది వందల పైచిలుకు పెరిగింది. అది అక్కాతమ్ముళ్ళ వాటాలోంచే పోయింది. ఆలస్యానికి కారణం నేను కాదు. కానీ ఆ తేదీ నాకు తెలిసి ఉంటే అప్పు కాగితం కోసం ఇంకా ముందే పరుగెత్తించేదాన్ని. నా ఏడు వేలలోంచి అందులో సగం భరిస్తానని అనాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అనలేదు.

జులై 11, శుక్రవారం. టైటిల్ కంపెనీలో చిన్న గది, బల్ల మీద చాక్లెట్ల గిన్నె, గుప్పెడు పెన్నులు. లెక్కల కాగితంలో ‘బదిలీ రుసుము 7,000’ అని నా కంపెనీ పేరుతో ఒక వరుస ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. ఆవిడ పెన్ను ఆ వరుస దగ్గర ఆగింది. నా చేతులు చల్లబడ్డాయి. ఆవిడ ఆ అంకె కింద చిన్న గీత గీసి, “నువ్వు చెప్పినంతే” అని పేజీ తిప్పారు.

ఇక లెక్క. ఎల్‌ఎల్‌సీ, లాయరు, ఉత్తరాలు, ఫోన్ నంబర్లు, విడి ఫోన్ లైను, నోటరీ, మెస్కీట్‌లో పోయిన వంద, అన్నిటికంటే ఎక్కువగా 640 డాలర్ల పెట్రోలు, మొత్తం 2,262 డాలర్లు. మిగిలింది 4,738. గంటలు కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను, 430. గంటకు పదకొండు డాలర్లు. ఇది పన్నులకు ముందు. దీన్ని పెట్టుబడి లాభంగా లెక్కించరు, సొంత వ్యాపార ఆదాయం కిందే చూస్తారు, మామూలు ఆదాయపు పన్ను కాక స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం. మావారు ఈ అంకె చూసి ఏమీ అనలేదు, టీ పెట్టి తెచ్చారు.

ఆగస్టులో ఒక ఫోన్ వచ్చింది. గార్లండ్ నుంచి, ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం చూసి. ఆరు నెలలుగా ఫ్రిజ్‌కు అంటించి ఉంచారట. ఆరు నెలల తర్వాత మోగే ఉత్తరం గురించి నాకెవరూ చెప్పలేదు. 1971లో కట్టిన ఇల్లు, అన్నదమ్ములిద్దరిది, అమ్మాలని ఒకరికే ఉంది. అన్నీ చెప్పి ఆయనా అదే ప్రశ్న అడిగారు. “నేను కొననండీ, కొనేవాళ్ళను తెస్తాను, మధ్యలో నాకు ఇంత మిగలాలి” అని చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తమ్ముడితో మాట్లాడి చెబుతానన్నారు. తొమ్మిది రోజులైంది, ఇంకా ఫోన్ రాలేదు.